బొమ్మ కాదు, పశువు

ఆదివారం ఉదయం కోల్‌కతాలోని గాలిఫ్ స్ట్రీట్ అయినా, ముంబైలోని క్రాఫర్డ్ మార్కెట్ అయినా, హైదరాబాద్ పాతబస్తీలోని ముర్గీ చౌక్ అయినా దృశ్యం ఒకటే. ఇనుప జాలీ పంజరంలో పదో పదిహేనో తెల్లటి దూది ఉండలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటాయి. స్కూటర్ దిగిన తండ్రి, ఆయన చెయ్యి వదలని పిల్ల. బేరం ఐదు నిమిషాల్లో తెగుతుంది. ఒక్కటే అయితే దిగులుతో చచ్చిపోతుందని చెప్పి అమ్మేవాడు జత అంటగడతాడు. రెండూ ఆడవేనని భరోసా ఇస్తాడు. ఇంతకంటే పెరగని రకమని కూడా అంతే ధీమాగా చెబుతాడు. ఏం పెట్టాలన్న ప్రశ్నకు జవాబు దేశమంతటా ఒక్కటే: క్యారెట్.

ఈ బేరంలో చెప్పిన మాటల్లో దాదాపు ఒక్కటీ నిలవదు. పంజరంలో ఉన్నవి పుట్టి మూడు నాలుగు వారాలు కూడా నిండని పిల్లలు. కుందేలు పిల్ల కనీసం ఆరు వారాలు, వీలైతే ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండాలి. పాలు మాని గడ్డికి అలవాటుపడే ఆ కొద్ది వారాల్లోనే దాని పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులు స్థిరపడతాయి. అప్పటిదాకా దాన్ని కాపాడేది తల్లిపాలే. ఆ రక్షణ తెగిపోయిన పిల్లకు క్యారెట్ ముక్కలు, బ్రెడ్డు, ఆవుపాలు పెడితే ఏమవుతుందో ఊహించడానికి పశువైద్య పట్టా అక్కర్లేదు. రెండో రోజో మూడో రోజో విరేచనాలు పట్టుకుంటాయి, వారం తిరగకుండా అట్టపెట్టె ఖాళీ అవుతుంది. ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందనో, ఏసీ గాలి పడలేదనో అనుకుంటారు. పిల్ల ఏడుపు ఆపడానికి మళ్లీ ఆదివారం రానే వస్తుంది. అమ్మేవాడికి ఇదంతా తెలియదనుకోవడం అమాయకత్వం. చిన్న పిల్లలైతేనే ముద్దుగా ఉంటాయి, ముద్దుగా ఉంటేనే అమ్ముడుపోతాయి.

బతికి బట్టకట్టినవి పెరుగుతాయి. "పెరగని రకం" అన్న మాట అప్పుడు గుర్తొస్తుంది. మన మార్కెట్లలో దొరికే తెల్ల కుందేళ్లలో ఎక్కువ భాగం న్యూజిలాండ్ వైట్ లాంటి జాతుల వారసులు. ఇవి ముద్దు కోసం తయారైన జాతులు కావు, మాంసం కోసం తయారైనవి. బాగా మేపితే నాలుగు కిలోలు దాటుతాయి. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో ఉన్న కేంద్రీయ గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ, కొడైకెనాల్ కొండల్లో మన్నవనూరు వద్ద ఉన్న దాని దక్షిణాది కేంద్రం వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా వంటి జాతుల మీద పనిచేశాయి. కులు లోయలోని గర్సాలో అంగోరా ఉన్ని కుందేళ్ల మీద పని జరిగింది. ప్రభుత్వం కుందేలును తెచ్చింది రైతుకు అదనపు ఆదాయం కోసం. అది అపార్ట్‌మెంట్ బాల్కనీలోకి చేరుతుందని ఎవరూ ప్రణాళిక వేయలేదు.

అక్కడికి చేరడానికి మాత్రం బలమైన కారణాలే ఉన్నాయి. కుందేలు మొరగదు కాబట్టి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అభ్యంతరం చెప్పదు. శుద్ధ శాకాహారి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు పట్టింపు ఉండదు. వీధిలోకి తిప్పుకు రానక్కర్లేదు. ధర కూడా కుక్కపిల్ల ధరలో పదో వంతు ఉండదు. నగర మధ్యతరగతికి ఇంతకంటే అనువైన జంతువు లేదన్నట్టే కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలుకు గొంతు లేదు. దానికి బాధ కలిగినా ఇంట్లో ఎవరికీ వినిపించదు. అది వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. జబ్బు పడ్డానని తెలిస్తే గద్దకో నక్కకో ఆహారమవుతానన్న భయం దాని రక్తంలోనే ఉంది. అందుకే చివరి ఘడియ దాకా బాగున్నట్టే కూర్చుంటుంది.

తెలుగులో కుందేలుకు చెవులపిల్లి అని మరో పేరుంది. పేరు అందంగానే ఉంది గానీ పెంపకందారును తప్పుదారి పట్టిస్తుంది. కుందేలును పిల్లిలా చూస్తేనే సగం కష్టాలు మొదలవుతాయి. దాన్ని ఆవులా, ఇంకా సరిగ్గా చెప్పాలంటే గుర్రంలా చూడాలి. అది మేసే జంతువు. రోజులో ఎక్కువ సేపు గడ్డి నములుతూ ఉండటానికే దాని నోరు, పొట్ట, పేగులు తయారయ్యాయి. పల్లెలో నాలుగు గేదెల్ని మేపిన నాయనమ్మకు కుందేలు సంగతి ఇంటర్నెట్‌లో వెతికే మనవడికంటే త్వరగా అర్థమవుతుంది.

ముందు పళ్ల సంగతి. కుందేలుకు 28 పళ్లుంటాయి, అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు, అంటే ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. గడ్డిని దవడ పళ్ల మధ్య పక్కకు రుద్ది రుద్ది నమిలితేనే అవి ఎప్పటికప్పుడు అరుగుతాయి. క్యారెట్ ముక్క నాలుగు కొరుకుల్లో అయిపోతుంది, దాణా గుళికలు నోట్లో పడగానే పొడి అవుతాయి. వీటితో పళ్లు అరగవు. దవడ పళ్ల అంచులు సూదుల్లా తేలి నాలుకను, బుగ్గను కోస్తాయి. అప్పుడు చొంగ కారుతుంది, గడ్డం కింద బొచ్చు తడిసి ఊడిపోతుంది, ఆకలి ఉన్నా కుందేలు తినలేక గిన్నె ముందు కూర్చుంటుంది. ముందు పళ్లు మాత్రమే చూసి బాగానే ఉన్నాయనుకునే యజమానికి లోపల జరుగుతున్నది తెలియదు.

పొట్ట సంగతి ఇంకా విచిత్రం. ఆవు మేత నెమరు వేస్తుంది. కుందేలుకు ఆ ఏర్పాటు లేదు కానీ లెక్క మాత్రం అదే. గడ్డి ఒకసారి లోపలికి వెళ్లి, పేగు చివర ఉన్న పెద్ద సంచిలో సూక్ష్మజీవుల సాయంతో పులిసి, మెత్తటి ద్రాక్షగుత్తిలా బయటికి వస్తుంది. కుందేలు వంగి దాన్ని నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. ప్రొటీన్లు, బి విటమిన్లు దానికి దొరికేది ఈ రెండో విడతలోనే. ఇది చూసిన ఇంటి ఇల్లాలు అసహ్యించుకుని కసిరితే తప్పు పట్టలేం కానీ, మాన్పించాలని చూస్తే మాత్రం కుందేలు చిక్కిపోతుంది. గట్టిగా, గుండ్రంగా, మేక పెంటికల్లా రాలేవి వేరు. అవే దాని ఆరోగ్య బులెటిన్. రోజూ ఊడ్చేటప్పుడు వాటి పరిమాణం, సంఖ్య గమనించే ఇంట్లో కుందేలు ఎక్కువ కాలం బతుకుతుంది. చిన్నవైనా, తగ్గినా, దారంలో గుచ్చినట్టు వెంట్రుకలతో కలిసి వస్తున్నా కడుపులో ఏదో తేడా జరుగుతోందని గుర్తు.

కాబట్టి తిండిలో ఐదింట నాలుగు వంతులు గడ్డే కావాలి, అదీ రోజంతా ఎదురుగా ఉండాలి. విదేశీ పుస్తకాలన్నీ తిమోతీ గడ్డిని సిఫారసు చేస్తాయి. అది చల్లని దేశాల పంట. దిగుమతి చేసుకున్న తిమోతీ పొట్లాలు ఆన్‌లైన్‌లో కిలో వందల రూపాయలు పలుకుతున్నాయి. మంచిదే, కొనగలిగినవారు కొనుక్కోవచ్చు. కానీ వినాయకుడి పూజకు కట్టలు కట్టి అమ్మే గరిక ఏం పాపం చేసింది? బెర్ముడా గడ్డి పేరుతో పాశ్చాత్య దేశాల్లో కుందేళ్లకు ఎండబెట్టి అమ్మేది ఈ గరికనే. పురుగు మందు చల్లని, కుక్కలు తిరగని చోట కోసి, నీడలో ఆరబెట్టి, బూజు పట్టకుండా గాలి తగిలే సంచిలో పెడితే నెలల తరబడి నిలవ ఉంటుంది. ఓట్స్ గడ్డి దొరికితే అదీ బాగుంటుంది. వరిగడ్డిలో పోషకాలు తక్కువ. అది కింద పరుపుగా వేయడానికి పనికొస్తుంది కానీ కంచంలోకి రాదు. లూసర్న్‌లో కాల్షియం, ప్రొటీన్ ఎక్కువ. ఎదిగే పిల్లలకు, పాలిచ్చే తల్లికి సరే, పెద్ద కుందేలుకు రోజూ పెడితే మూత్రంలో ఇసుక చేరుతుంది. లేత జొన్న చొప్ప పశువులకే ప్రమాదమని రైతులందరికీ తెలుసు. కుందేలుకు చెప్పనక్కర్లేదు.

గడ్డి తర్వాత ఆకులు. రైతుబజారులో రెండు మూడు రకాలు తెచ్చి మార్చి మార్చి పెట్టాలి. కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకులు, తులసి అన్నీ ఇష్టంగా తింటుంది. పాలకూర, తోటకూర వారానికి ఒకటి రెండుసార్లకు మించకూడదు. మందుల అవశేషాలు పోయేలా బాగా కడిగి, నీళ్లు దులపాలి. కొత్త ఆకు ఏదైనా మొదట ఒక్క రెమ్మ పెట్టి మర్నాడు పెంటికలు చూసుకోవాలి. గుళికల దాణా పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు పాతిక గ్రాములు మించనక్కర్లేదు. పెట్ షాపుల్లో విడిగా తూచి అమ్మేది చాలాసార్లు మాంసం కుందేళ్లను త్వరగా బరువెక్కించేందుకు తయారైన దాణా అని మరవకూడదు. ఇక క్యారెట్. అందులో చక్కెర ఎక్కువ, అది మనకు మైసూర్‌పాక్ లాంటిది. వారానికి రెండు మూడు బొటనవేలంత ముక్కలు చాలు. క్యారెట్ ఆకులు మాత్రం ఎన్నైనా పెట్టవచ్చు, కూరగాయల దుకాణంలో అవి ఉచితం కూడా. అన్నం, బిస్కట్లు, చపాతీ, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, చాక్లెట్ దగ్గరికి రానివ్వకూడదు. పొట్లకాయంత పెద్ద విషయం నీళ్లు. రెండు కిలోల కుందేలు రోజుకు పావు లీటరు దాకా తాగగలదు. వేలాడదీసిన సీసా కంటే బరువైన మట్టి మూకుడు నయం.

ఆకుకూరలు తిన్న కుందేలు మూత్రం ఒక్కోసారి ఎర్రగా వస్తుంది. చాలాసార్లు అది ఆకుల్లోని రంగే, రక్తం కాదు. హడావుడి పడాల్సింది దీనికి కాదు, తినడం మానేసినప్పుడు. కుందేలు వాంతి చేసుకోలేదు. పేగుల కదలిక ఆగితే లోపల గాలి పట్టి, నొప్పితో మరింత తినక, ఒక రోజులోనే ప్రాణం మీదికి వస్తుంది. పన్నెండు గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే అది అత్యవసర పరిస్థితి. పొద్దున్నే చూద్దాంలే అనుకునే వ్యవధి ఉండదు. మూలన ముడుచుకుని, కళ్లు సగం మూసి, పళ్లు గట్టిగా కొరుకుతుంటే అది దాని మూలుగు.

అప్పుడు ఎక్కడికి తీసుకెళ్లాలన్నది అసలు ప్రశ్న. మన పశువైద్య విద్య గేదె, గొర్రె, కోడి చుట్టూ అల్లుకున్నది. దేశ అవసరాల దృష్ట్యా అది సబబే. తర్వాత నగరాల్లో కుక్కలు, పిల్లుల క్లినిక్కులు వెలిశాయి. ఈ రెంటి మధ్య కుందేలు పడిపోయింది. పెద్ద నగరాల్లో దాన్ని చూడగల డాక్టర్లు కొద్దిమంది ఉన్నారు. జిల్లా కేంద్రాల్లో దొరకడం కష్టం. కొనడానికి ముందే అలాంటి డాక్టర్ ఊళ్లో ఉన్నారో లేదో కనుక్కోవాలని ఏ దుకాణదారూ చెప్పడు. కుక్కకు మామూలుగా వాడే మందు కుందేలును చంపగలదు కాబట్టి ఈ సంగతి చిన్నది కాదు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే దాని పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి విజృంభిస్తాయి. కుక్కల మీద పేలకు, గోమార్లకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కుందేలుకు ప్రాణాంతకం. ఇంట్లో పిల్లల కోసం ఉంచిన యాంటీబయాటిక్ సిరప్‌లో రెండు చుక్కలు వేసి చూద్దామనుకునే సొంత వైద్యం మన దేశంలో మనుషులకే తక్కువేం కాదు.

డాక్టర్‌కు కుందేళ్ల అనుభవం ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఆపరేషన్ ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టకండి అన్నారంటే ఆయన కుక్కల డాక్టర్. వాంతి చేసుకోలేని జంతువును పస్తు పెట్టనక్కర్లేదు సరికదా, పెడితే పేగులు ఆగిపోతాయి. ఆపరేషన్ బల్ల దాకా గడ్డి తింటూ వెళ్లాలి, మెలకువ రాగానే మళ్లీ తినిపించాలి.

ఆపరేషన్ మాట ఎందుకంటే, దుకాణంలో చెప్పిన రెండు ఆడవాటిలో ఒకటి మగదని నాలుగైదు నెలలకు బయటపడుతుంది. నెల పిల్లల్లో ఆడా మగా తేల్చడం అనుభవజ్ఞులకే కష్టం. కుందేలుకు రుతుచక్రం కోసం ఆగే పని లేదు, జతకట్టినప్పుడే అండం విడుదలవుతుంది. ముప్పై, ముప్పై ఒక్క రోజుల్లో ఈనుతుంది. ఈనిన రోజే మళ్లీ కట్టగలదు. ఏడాది తిరిగేసరికి బాల్కనీలో ఎన్ని ఉంటాయో లెక్క వేయడం కంటే మగదాన్ని వేరు చేయడం తేలిక. ఆపరేషన్ అయ్యాక కూడా నెల రోజులకు పైగా దాన్ని విడిగానే ఉంచాలి, ఎందుకంటే అప్పటికీ దానికి సంతాన శక్తి మిగిలే ఉంటుంది. ఆడదానికి ఆపరేషన్ పిల్లలు వద్దనుకునే వారికి మాత్రమే అనుకుంటే పొరపాటు. ఒంటరిగా పెరిగే ఆడ కుందేళ్లలోనూ నాలుగేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. కొన్ని జాతుల్లో సగానికి మించి కుందేళ్లకు వస్తుందని పరిశోధకులు ఏనాడో గుర్తించారు. చిన్న వయసులో గర్భసంచి తీసేయిస్తే ఆ గండం గడిచినట్టే. కుందేలును కొన్న ధరకు ఆపరేషన్ ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. కొనడం చవక, పెంచడం ఖరీదు. ఈ లెక్క తలకిందులుగా ఉండటం వల్లే ఇన్ని ప్రాణాలు పోతున్నాయి.

తల్లి ఈనితే మరో అపోహ. కుందేలు పిల్లలు ఒంటి మీద బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. తల్లి రోజుకు ఒకటి రెండు సార్లు మాత్రమే, అదీ కొద్ది నిమిషాలే, పాలిచ్చి దూరంగా వెళ్లిపోతుంది. అడవిలో గూడు జాడ శత్రువుకు తెలియకుండా అలా చేసేది, ఆ అలవాటు పోలేదు. అది చూసి తల్లి వదిలేసిందనుకుని డ్రాపర్‌తో ఆవుపాలు పట్టేవారున్నారు. పొద్దున పిల్లల పొట్టలు నిండుగా, ఉబ్బెత్తుగా ఉంటే ఏమీ చేయనక్కర్లేదు.

దక్షిణాదిలో కుందేలుకు పెద్ద శత్రువు పిల్లీ కాదు, కుక్కా కాదు, మే నెల. దాని పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ నేలల్లో బొరియలు తవ్వుకుని, పగలు చల్లటి మట్టి లోపల పడుకుని, సంజెకూ వేకువకూ బయటికి వచ్చి మేసినవి. దానికి హాయిగా ఉండేది 15 నుంచి 21 డిగ్రీల మధ్య. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. చెమట పట్టదు. ఒంట్లో వేడి చాలావరకు పోయేది ఆ పొడవాటి చెవుల్లోని రక్తనాళాల ద్వారానే. విజయవాడలోనో, రామగుండంలోనో రేకు కప్పు కింద, ఎండ పడే బాల్కనీలో పంజరం పెట్టడం అంటే దాన్ని పొయ్యి మీద పెట్టడమే. వేసవిలో ఇంట్లోకి, అన్నిటికంటే చల్లని గదిలోకి తేవాలి. పడుకోవడానికి ఒక నాపరాయి లేదా టైలు, పక్కన గుడ్డ చుట్టిన మంచు సీసా, చెవుల మీద అప్పుడప్పుడు తడి చెయ్యి. ఎయిర్ కూలర్ హైదరాబాద్‌లో పనికొస్తుంది కానీ కోస్తా ఉక్కలో తేమనే పెంచుతుంది. నోరు తెరిచి రొప్పుతూ, చెవులు ఎర్రబడి వాలిపోతే వెంటనే చల్లని చోటికి చేర్చి, చెవులు తడుపుతూ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. చల్లటి నీళ్ల బకెట్‌లో ముంచకూడదు, ఆ దెబ్బకే గుండె ఆగవచ్చు.

స్నానం సంగతీ అంతే. కుందేలు తనను తాను నాకి శుభ్రం చేసుకుంటుంది. ఆదివారం షాంపూ స్నానం దానికి చిత్రహింస. సౌందర్య సాధనాల పరీక్షకు కుందేలు కళ్లలో రసాయనాలు వేసే పద్ధతి 1940లలో అమెరికాలో పుట్టింది, దశాబ్దాల పాటు ప్రపంచమంతా పాటించింది. జంతువుల మీద సౌందర్య సాధనాల పరీక్షలను భారతదేశం 2014లో నిషేధించింది, అలా పరీక్షించిన సరుకు దిగుమతిని కూడా అదే ఏడాది ఆపింది. ప్రయోగశాల నుంచి తప్పించుకున్న షాంపూ ఇంట్లో ఎదురుపడటం దాని జాతకం.

ఎత్తుకునే తీరు గురించి పిల్లలకు ముందే చెప్పాలి. బొమ్మల్లో మాంత్రికుడు చెవులు పట్టుకుని టోపీలోంచి తీసినట్టు తీయకూడదు. కుందేలు ఎముకలు తేలిక, వెనక కాళ్ల కండరాలు బలం. గాల్లో కాళ్లు విదిలిస్తే తన నడుము తానే విరుచుకోగలదు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద వేసి ఒంటికి ఆనించి పట్టుకోవాలి. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది, ఫోన్‌లో వీడియో తీసి ఎంత హాయిగా నిద్రపోతోందో అని స్నేహితులకు పంపుతారు. అది నిద్ర కాదు. శత్రువు నోట చిక్కినప్పుడు చచ్చినట్టు బిగుసుకుపోయే భయం. నిజంగా సంతోషం కలిగితే గాల్లోకి ఎగిరి ఒళ్లు మెలితిప్పి దూకుతుంది. అలా ఎగరడానికి పంజరంలో చోటుండదు. రెండు మూడు గెంతులు వేసే నేల, వెనక కాళ్ల మీద నిలబడితే చెవులు తగలనంత ఎత్తు, దాక్కునేందుకు రెండు ద్వారాల అట్టపెట్టె ఉండాలి. దాని పాదాలకు కుక్కకున్నట్టు మెత్తలు లేవు, బొచ్చే ఉంటుంది. జాలీ అడుగు మీద, నున్నటి టైల్స్ మీద వదిలేస్తే మడమలు పుండ్లు పడతాయి. గోనెసంచి, పాత చాప, గడ్డి వేయాలి. ఒక ట్రేలో పాత దినపత్రికలు పరిచి, దాని మీద ఎండుగడ్డి పెడితే అక్కడే మేస్తూ అక్కడే మూత్రం పోసే అలవాటు త్వరగా పట్టుబడుతుంది. దినపత్రికలకు ఇంకా ఒక ఉపయోగం మిగిలి ఉందని సంతోషించవచ్చు. ఫోన్ చార్జర్ తీగలు మాత్రం అందనీయకూడదు. వేళ్ల సందుల్లో, చెవుల్లో గజ్జి, తామర కనిపిస్తే ఆలస్యం చేయవద్దు, తామర పిల్లలకూ అంటుతుంది. కరిస్తే రేబిస్ సూది అవసరమా అని భయపడేవారికి ఒక ఊరట: కుందేళ్ల కాటుకు ఆ టీకా అవసరం పడటం చాలా అరుదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గాయం కడుక్కుని, ధనుర్వాతం సూది సంగతి డాక్టర్‌ను అడిగితే సరిపోతుంది.

తెలుగులో రెండు వేర్వేరు జంతువులకు కుందేలు అన్న ఒకే మాట ఉండటం చట్టం దృష్టిలోనూ చిక్కు తెస్తుంది. మన చేల గట్ల మీద దౌడు తీసే గోధుమరంగు కుందేలు వేరే జాతి. అది బొరియలు తవ్వదు, దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని రక్షిస్తోంది. పట్టినా, పెంచినా, కూర వండినా నేరం. పొలంలో దొరికిన పిల్లను జాలిపడి ఇంటికి తెచ్చినా చట్టం దృష్టిలో తేడా ఉండదు. పైగా అది భయంతోనే చచ్చిపోతుంది. తెల్ల కుందేలు కథ ఇందుకు విరుద్ధం. దాన్ని పెంచడానికి అనుమతి అక్కర్లేదు, పెంచడం మానేస్తే అడిగేవారూ లేరు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మాత్రం కుందేలును పెంచడమే నేరం. 1859లో ఓ ఆంగ్లేయ భూస్వామి వేట సరదాకు వదిలిన రెండు డజన్ల కుందేళ్లు ఆ ఖండం పచ్చదనాన్ని మేసేసిన చేదు అనుభవం వారిది. అక్కడ మినహాయింపు ఇంద్రజాలికులకు ఉంది. బ్రిస్బేన్‌కు ఉద్యోగరీత్యా వెళ్లే తెలుగు కుటుంబాల పిల్లలు ఈ సంగతి వినగానే మ్యాజిక్ నేర్చుకుంటామంటే ఆశ్చర్యం లేదు.

మన దగ్గర 2018లో కేంద్రం పెట్ షాపులకు నిబంధనలు తెచ్చింది. ప్రతి దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి, కొన్న, అమ్మిన లెక్కలు రాయాలి. రోడ్డు పక్క పంజరం పెట్టుకున్న వాడి దగ్గర రిజిస్టర్ ఎవరు అడుగుతారు? మునిసిపాలిటీకి కుక్కల బాధే చాలు. పశుసంవర్ధక శాఖకు కుందేలు పశుగణనలో ఒక గడి. అటవీ శాఖకు తెల్ల కుందేలుతో సంబంధం లేదు. ఇన్ని శాఖల మధ్య ఇంటి కుందేలు ఎవరిదీ కాదు. విసిగిపోయిన యజమానులు ఒక సాయంత్రం దాన్ని పార్కులోనో, యూనివర్సిటీ క్యాంపస్‌లోనో వదిలి, స్వేచ్ఛ ప్రసాదించామనుకుని వెనక్కి చూడకుండా వస్తారు. తెల్ల రంగు, వేటాడే వాడంటే తెలియని మనసు, తవ్వడానికి చోటు లేని నేల. వీధికుక్కలకు ఒక్క రాత్రి చాలు. జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి దొరికితే ఆ చట్టంలో రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. 2022లో కేంద్రం సవరణ ముసాయిదా ప్రకటించి అభిప్రాయాలు అడిగింది. అది చట్టం కాలేదు.

బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. నాలుగో తరగతిలో కొన్నది ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ నాటికి కూడా గడ్డి అడుగుతుంటుంది. అప్పటికి పిల్లకు ముద్దు తీరి ఉంటుంది, గడ్డి తెచ్చే పని అమ్మ మీద పడి ఉంటుంది. పెంచాలని నిజంగా అనుకునేవారు మార్కెట్ వైపు కాక, ఎవరో పెంచలేక ఇచ్చేయాలనుకుంటున్న పెద్ద కుందేలు వైపు చూడటం మేలు. పెద్దదాంతో ఆడో మగో ముందే తెలుస్తుంది, ఎంత పెరుగుతుందో తెలుస్తుంది, పేగులు గట్టిపడి ఉంటాయి. ఇచ్చేయదలుచుకున్నవారూ తినే గడ్డి రకం, అలవాటైన దాణా వారం రోజులకు సరిపడా దానితోపాటే పంపాలి. మేత ఒక్కసారిగా మారితే ఇల్లు మారిన దిగులుకు కడుపుబ్బరం తోడవుతుంది.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు రాత్రి బస్సులో వెంట తీసుకెళ్లడం కంటే పక్కింటివారికి అప్పగించడమే నయం. వారికి ఇవ్వాల్సింది తాళంచెవి, గడ్డి సంచి, డాక్టర్ ఫోన్ నంబరు, పెంటికలు లెక్క చూడమన్న ఒక్క మాట. క్యారెట్లు పెట్టవద్దని కూడా గట్టిగా చెప్పి వెళ్లాలి, ఎందుకంటే పక్కింటివారు పెట్టకుండా ఉండరు.